మైదానాల వెంట

కొందరికి తీర్థయాత్రల పిచ్చి ఉంటుంది. కొందరికి పాత కోటల పిచ్చి. ఇంకా కొందరు ఏ ఊరు వెళ్ళినా ముందు మిఠాయి కొట్టు ఎక్కడని అడుగుతారు. నాకున్నది మైదానాల పిచ్చి. ఏ ఊళ్ళో దిగినా అక్కడ హాకీ ఆడే చోటు ఎక్కడుందో కనుక్కుని, ఆట ఉన్నా లేకపోయినా వెళ్ళి, గ్యాలరీలో పది నిమిషాలు కూర్చుని వస్తే గాని నాకు ఆ ఊరు చూచినట్లుండదు. ఇంట్లో వాళ్ళు దీన్ని జబ్బు కిందనే జమకట్టారు. అయితే మందులకు ఖర్చులేని జబ్బు కనుక సహించి ఊరుకున్నారు.

"పాలమూరు వాడికి హాకీ పిచ్చి ఏమిటండీ?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మహబూబ్‌నగర్ అని 1890లో ఆరవ నిజాం పేరు పెట్టినా, మా నోట ఇంకా పాలమూరుగానే నిలిచిన ఆ సీమలో ఆట అంటే చిర్రగోనె, చెడుగుడు, జాతర రోజుల్లో కుస్తీ. కొంచెం చదువుకున్న వాళ్ళకు వాలీబాలు. హాకీ మా బడికి ఒక డ్రిల్లు మాస్టారుతో వచ్చింది. ఆయన కొంతకాలం సికింద్రాబాదు కంటోన్మెంటులో ఉండి వచ్చిన మనిషి. వస్తూ వస్తూ ఏడు హాకీ కర్రలు తెచ్చారు. జట్టుకు పదకొండు మంది కావాలి కదా! తక్కిన నలుగురం తుమ్మ చెట్లెక్కి, కొస వంగిన కొమ్మలు వెదికి నరుక్కుని, వాటికి గుడ్డ పేలికలు చుట్టుకుని దిగేవాళ్ళం. నేలేమో మొరం. బంతి ఒక రాయికి తగిలి ఎటు పోతుందో బంతికే తెలియదు. అలాంటి నేల మీద దాన్ని కర్రకు అంటిపెట్టుకుని నడిపించగలిగిన వాడు మాకు దేవుడితో సమానం.

1975 మార్చి 15న కౌలాలంపూరులో ప్రపంచ కప్పు ఆఖరి పోటీ జరిగింది. జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానం వస్తున్నది. మా వీధిలో ఒక్క ఇంట్లోనే మంచి రేడియో. అరుగు మీదా, అరుగు కిందా, ఎదురింటి గోడ మీదా జనమే. వాళ్ళలో సగం మందికి పెనాల్టీ కార్నరంటే ఏమిటో తెలియదు. అయినా పాకిస్తాన్ మీద మనం 2–1తో గెలిచామనీ, గెలుపు గోలు కొట్టిన అశోక్ కుమార్ సాక్షాత్తూ ధ్యాన్‌చంద్ కొడుకేననీ తెలిసేసరికి వీధి వీధంతా లేచి గంతులు వేసింది. నా జబ్బుకు పుట్టిన తేదీ అదే.

పుట్టిన ఏడాదికే దానికి మొదటి దెబ్బ తగిలింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో హాకీని గడ్డి మీద గాక నేత తివాసీ మీద ఆడించారు. మన జట్టు ఏడవ స్థానానికి దిగింది. 1928 మొదలు హాకీలో పతకం లేకుండా ఏ ఒలింపిక్సు నుంచీ తిరిగి రాని దేశం అది! గడ్డి మీద బంతి ఆగుతుంది, ఎగురుతుంది, మణికట్టు నేర్పుకు లొంగుతుంది. తివాసీ మీద అది నూనె పోసినట్లు జారిపోతుంది. దాని వెంట పరుగెత్తడానికి ఊపిరి కావాలి, దూరం నుంచి కొట్టడానికి బలం కావాలి. అన్నిటికంటె ముఖ్యం, ఆట మొదలయ్యే ముందు ఆ తివాసీని నీళ్ళతో బాగా తడపాలి. చుట్టూ పంపులు పెట్టి వాన కురిసినట్లు చల్లుతారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా ఊరి పెద్దరైతు ఒకాయన, "మా చెలకలకే లేవు నీళ్ళు, ఆటకు పోస్తరా!" అని నోరు వెళ్ళబెట్టారు. ఆ మాటలో హాస్యం ఎంత ఉన్నదో, మా బోటి మెట్ట ప్రాంతాల హాకీ భవిష్యత్తు కూడా అంతే ఉన్నదని అప్పుడు మాకు తెలియదు.

తరువాత ఉద్యోగం నన్ను నల్గొండలో పడవేసింది. రెండు జిల్లాలూ అక్కాచెల్లెళ్ళ వంటివే. అదే బండరాతి గుట్టలు, అదే ఎర్రనేల, ఆకాశం వంక చూచే అవే చూపులు. హైదరాబాదుకు రెండు ఊళ్ళ నుంచీ సుమారు వంద కిలోమీటర్లే. ఒకటి నగరానికి తూర్పు వాకిట్లో ఉంటే, ఇంకొకటి దక్షిణపు వాకిట్లో ఉంది. ఆట చూడాలంటే ఏదో ఒక వాకిలి దాటక తప్పదు. అలా దాటుతూ దాటుతూ పాతవీ కొత్తవీ ఎన్నో ప్రేక్షకశాలలు చూచాను. వాటిలో అన్నిటికంటె పాతది మాత్రం నల్గొండ నుంచి హైదరాబాదు వైపు గాక, దానికి ఎదురు దిక్కున ఉంది.

2004లో ఒక సెలవు రోజున హాలియా మీదుగా నాగార్జునసాగరం పోయే బస్సెక్కాను. పక్క సీటులో తలకు రుమాలు చుట్టిన ఒకాయన కూర్చున్నాడు. మాటలు కలిశాయి.

"ఏడిదాంక సారూ?"

"సాగర్ దాటి అనుపుకు పోవాలె కాకా. ఆడ పాతకాలం స్టేడియం ఉన్నదట, చూద్దామని."

"ఆట ఉన్నదా ఇయ్యాల?"

"ఆట ఏముంటది కాకా! పదిహేడు వందల ఏండ్ల కిందటిది."

ఆయన నన్ను ఎగాదిగా చూచి, "ఆట లేని స్టేడియం ఏం జూస్తవు సారూ! పెండ్లి లేని పందిరి జూసినట్టు," అన్నాడు.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయనది మా పాలమూరు వైపేనని తరువాత తెలిసింది. తల్లిదండ్రులు సాగరం కట్టమీద రాళ్ళు మోసిన కూలీలు. తానప్పుడు వాళ్ళ వెంట తిరిగిన పిల్లవాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట, 1967లో కాలువలకు నీళ్ళు వదిలేదాకా ఎన్ని వేల చేతుల మీదుగా లేచిందో! మట్టిపనికీ రాతిపనికీ పాలమూరు కూలీ పోని ప్రాజెక్టు ఈ దేశంలో అరుదు. "మేం కట్టినం గని సారూ, నీళ్ళు మా దిక్కు రాలె," అని ఆయన చాలా మామూలుగా, బస్సు ఛార్జీ చెప్పినట్లు చెప్పాడు. కట్టిన వాడొకడు, కూర్చునే వాడొకడు. ఈ మాట ఆ తరువాత ప్రతి కొత్త స్టేడియంలోనూ నాకు గుర్తుకు వస్తూనే ఉన్నది.

సాగరం దిగువన కృష్ణ దాటి కుడి గట్టున కొన్ని కిలోమీటర్లు పోతే అనుపు. అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా ఈ లోయను ఏలారు. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖ వాళ్ళు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన అక్కడ తవ్వకాలు సాగించారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలతో పాటు అక్కడ ఒక ప్రేక్షకశాల బయటపడింది. మధ్య చదరపు ఆవరణ, చుట్టూ నాలుగు వైపులా మెట్లు మెట్లుగా లేచిన కూర్చునే వరుసలు. పైనున్న గుట్టమీద హారితీదేవి గుడి. నీళ్ళు రాకముందే ఇటువంటి కట్టడాలను కొన్నిటిని విప్పి, ఎత్తైన చోట్లకు చేర్చి, తిరిగి పేర్చారు. ఆ విధంగా ప్రేక్షకశాల అనుపుకు వచ్చింది.

ఆలోచించండి. ఒక రాజ్యం పోయింది, ఒక నగరం పోయింది, లోయ లోయంతా నీటి కిందికి పోయింది. జనం కూర్చున్న మెట్లు మాత్రం బండ్లెక్కి గట్టుకు వచ్చాయి.

నేను వెళ్ళేసరికి ఎండ మండిపోతున్నది. బడిపిల్లల గుంపు ఒకటి ముందే వచ్చి ఉంది. ఒక కుర్రవాడు నడుమ నిలబడి చప్పట్లు కొడితే, పై మెట్టు మీది పిల్లలు "వినబడింది, వినబడింది" అని అరుస్తున్నారు. నేను మూడో మెట్టు మీద కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నా నడుమ నిలిచిన మనిషి ముఖం కనబడుతుంది. ఎవడు ఆయాసపడుతున్నాడో, ఎవడు భయపడుతున్నాడో చూచేవాళ్ళకు తెలిసిపోతుంది. ఆడేవాడికి కూడా తనను చూచేవాళ్ళ ముఖాలు తెలుస్తాయి. ప్రేక్షకశాల కట్టే విద్యంతా ఇంతే కాబోలు అనిపించింది. మిగతాదంతా అలంకారం. అయినా ఆ కాకా అన్నమాట కూడా నిజమే. పిల్లలు చప్పట్లు ఆపి బస్సెక్కగానే అది మళ్ళీ రాళ్ళ వరుసై కూర్చుంది.

పాతవాటిలో నాకు బాగా చనువైనది హైదరాబాదులోని ఫతేమైదాను. 1687లో గోలకొండను ముట్టడించినప్పుడు మొగలు సైన్యం విడిసిన నేల అది. గెలిచినందుకు ఫతే అనే పేరు వచ్చింది. 1955 నవంబరులో అక్కడ మొదటి టెస్టు క్రికెట్ పోటీ జరిగింది. న్యూజిలాండు మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. భారతీయుడు టెస్టుల్లో చేసిన మొదటి డబుల్ సెంచరీ అదే. మా పెదనాన్న ఆ పోటీకి పోయినవాడు. మహబూబ్‌నగర్‌లో రైలెక్కి, కాచిగూడలో దిగి, సద్దిమూట చంకన పెట్టుకుని మైదానం దాకా నడిచి వెళ్ళాడట. ఉమ్రిగర్ ఆట గురించి ఆయన చెప్పేది రెండు ముక్కలే. నడక గురించి, దారిలో తాగిన చాయ గురించి, చెట్టెక్కి చూచిన జనం గురించి చెప్పేది మాత్రం రాత్రంతా. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. నేను మొదటిసారి చూచేనాటికి కాంక్రీటు గ్యాలరీలు వచ్చాయి. గ్యాలరీల కింద ఆట సామాన్ల దుకాణాలు. మా ఊళ్ళో తుమ్మకొమ్మ పట్టిన చేత్తో నేను మొదటి హాకీ కర్రను తడిమి చూచింది ఆ దుకాణాల్లోనే. కొన్నాననుకునేరు! ధర విని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాను.

ఆ మైదానం గొప్పతనం ఆటలో ఎంత ఉందో, ఊరి నడిబొడ్డున ఉండడంలో అంత ఉంది. బస్సు దిగిన వాడు నడిచిపోవచ్చు. ఆట అయిపోయాక నడిచి వచ్చి ఆఖరి బస్సు అందుకోవచ్చు. క్రికెట్ టెస్టులు 1988తో అక్కడ ఆగిపోయాయి. ఇప్పుడక్కడ సభలు జరుగుతాయి. 2023 డిసెంబరు 7న తెలంగాణ ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం కూడా అక్కడే జరిగింది. జనాన్ని కూర్చోబెట్టడం ఆ నేలకు అలవాటు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

అయితే పాతదంతా బంగారమని నేను అనను. ఒక పాత స్టేడియానికి, పేరెందుకు లెండి, మా చెల్లెలిని తీసుకుపోయాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండ. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. తాగడానికి నీళ్ళు లేవు. "అన్నయ్యా, నీ ఆటకో దండం," అని అది ఆ తరువాత ఎప్పుడూ రాలేదు. పాత మెట్ల మీద మనం తలచుకుని మురిసిపోయే ఆ జనంలో సగం జనాభా లేనే లేదన్న సంగతి మరచిపోకూడదు. కొత్త స్టేడియాలలో కుటుంబాలు వస్తున్నాయి. పసిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా నిశ్చింతగా కూర్చుంటున్నది. ఇది చిన్న లాభం కాదు.

మద్రాసు ఎగ్మూరులో ఒక హాకీ స్టేడియం ఉంది. మేయర్ రాధాకృష్ణన్ పేరు మీద ఉంది. నల్గొండలో రాత్రి రైలెక్కితే మర్నాటికి మద్రాసు చేరవచ్చు. 2007లో ఆసియా కప్పు ఆఖరి పోటీ అక్కడ జరిగింది. దక్షిణ కొరియా మీద మనవాళ్ళు 7–2తో గెలిచారు. నేల మీద పరిచింది కొత్త తివాసీయే. కాని చుట్టూ ఉన్నది పాత ఊరు, పాత జనం. నా పక్కన కూర్చున్న పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారట. ముప్ఫై ఏళ్ళుగా అదే మూలకు వచ్చి కూర్చుంటున్నానన్నారు. గడ్డి పోయి తివాసీ వచ్చినందుకు బెంగగా లేదా అని అడిగాను. "నేల మారింది, నా మూల మారలేదు కదా," అన్నారు. కొత్తదనం మీద నాకున్న కోపం సగం ఆ మాటతో చల్లారింది.

గచ్చిబౌలి కథ వేరు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో–ఆసియా క్రీడలు హైదరాబాదుకు వచ్చాయి. వాటికోసం నగరానికి పడమటి కొసన రాళ్ళ గుట్టల నడుమ పెద్ద క్రీడా సముదాయం కట్టారు. అందులో హాకీకి ప్రత్యేకంగా తివాసీ మైదానం. 2003లో అక్కడ పాకిస్తాన్ మీద మనవాళ్ళు 3–1తో గెలిచి స్వర్ణం తీసుకున్న పోటీకి నేను వెళ్ళాను. దీపాల వెలుగులో తడిసిన తివాసీ మెరుస్తుంటే, నీళ్ళ తుంపరలు లేపుకుంటూ బంతి పరుగెత్తుతుంటే, మొరం నేల మీద హాకీ నేర్చిన నా కళ్ళు చెదిరిపోయాయి. అందం అంటే అదే. కాదనడానికి లేదు.

ఆట అయిపోయింది. బయటికి వచ్చాను. నల్గొండ అక్కడికి నగరానికి ఆ కొస. బస్సు కోసం ఒక గంట, మెహదీపట్నంలో ఇంకో బస్సు కోసం అరగంట. ఇమ్లీబన్ చేరేసరికి మా ఊరి ఆఖరి బస్సు పోయింది. తెల్లవారిందాకా బల్ల మీద కూర్చున్నాను. అక్కడ నా వంటి వాళ్ళు ఇంకో ఆరుగురు కనిపించారు. ఒకరు సూర్యాపేట, ఒకరు గద్వాల, ఇద్దరు జడ్చర్ల. అందరి చేతుల్లోనూ మూడు రంగుల కాగితపు జెండాలు. గెలిచిన ఆనందంతో రాత్రి తెలియకుండానే గడిచింది. కాని నాకు ఒక సంగతి స్పష్టమయింది. పెదనాన్న కాచిగూడ నుంచి నడిచాడు. నేను నడవలేను. స్టేడియం కొత్తదైన కొద్దీ మాకు దూరమవుతున్నది.

ఆ తరువాత బాహ్యవలయ రహదారి వచ్చింది. సొంత కారున్న వాళ్ళకు మహబూబ్‌నగర్ నుంచి శంషాబాదు మీదుగా గచ్చిబౌలి ఇప్పుడు దగ్గరే. 2005 నవంబరులో మొదటి వన్డే చూచిన ఉప్పల్ క్రికెట్ స్టేడియం నల్గొండ వాళ్ళకు తూర్పు వాకిట్లోనే ఉంది. ఎల్బీనగర్‌లో దిగితే పావుగంట. స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషను కూడా ఉంది. కనుక కొత్తవన్నీ దూరమని వాదిస్తే అబద్ధమవుతుంది. అయితే ఉప్పల్‌లో కూర్చున్నప్పుడల్లా ఒక వింత గమనిస్తాను. ఎదురుగా ఆటగాడు నిలబడి ఉన్నా, జనం కళ్ళు పెద్ద తెర మీదనే ఉంటాయి. అక్కడ ముఖం చూడాలంటే తెర కావాలి. అనుపు మెట్ల మీద అక్కరలేకపోయింది.

నా మనస్సులో పాత కొత్తల తగవు తీర్చింది ఒడిశాలోని రూర్కెలా. 2023 జనవరిలో ప్రపంచ కప్పు కోసం అక్కడ బిర్సా ముండా పేర స్టేడియం తెరిచారు. 20,000కు పైగా సీట్లు. అంతటి హాకీ స్టేడియాన్ని చూడడం నాకు అదే మొదలు. జనవరి 13న స్పెయిన్‌తో మన మొదటి పోటీ. మొదటి గోలు కొట్టినవాడు అమిత్ రోహిదాస్. ఆ కొట్టడంతో స్టేడియం విరిగి మీద పడుతుందా అన్నంత కేక పుట్టింది. ఎందుకా అని పక్కవాణ్ణి అడిగాను. "మా వాడు! మా సుందర్‌గఢ్ వాడు!" అన్నాడు. రూర్కెలా ఉన్నది ఆ జిల్లాలోనే. రోహిదాస్ పుట్టిన సౌనామారా పల్లెలోనే, అంతకుముందు మన జట్టుకు నాయకత్వం వహించిన దిలీప్ తిర్కీ కూడా పుట్టాడు. ఆ జిల్లా పల్లెల్లో హాకీ పోటీలు పెట్టి, గెలిచిన జట్టుకు మేకపోతును బహుమానంగా ఇవ్వడం ఆచారం. మైదానం పొలం గట్టు పక్కనే. కర్ర వెదురుదైనా సరే.

అప్పుడు అర్థమైంది. ఆ స్టేడియం ఎంత కొత్తదైనా కింద ఉన్న వేరు పాతది. మేకపోతు కోసం ఆడిన పిల్లల తాతలు కూడా ఆ గ్యాలరీలో కూర్చుని ఉన్నారు. పందిరి కొత్తది గాని పెండ్లి ఆ ఊరిదే.

మన హైదరాబాదులో హాకీకి వేరు లేదా అంటే, ఉంది. సికింద్రాబాదు మైదానాలలో పెరిగిన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులు మూడింటిలోనూ దేశానికి ఆడాడు. ఇప్పుడు హాకీ ఇండియా లీగులో హైదరాబాద్ తూఫాన్స్ అనే జట్టు ఉన్నది. 2025 ఫిబ్రవరి 1న ఆఖరి పోటీ దాకా వచ్చి, బెంగాల్ జట్టు చేతిలో 4–3తో ఓడింది. కాని ఆ పోటీ జరిగింది రూర్కెలాలో. మా జట్టు అని పేరు పెట్టుకున్న జట్టును నేను నల్గొండలో ఫోను తెర మీద చూచాను. చుట్టుపక్కల వాళ్ళను పిలిచాను కూడా. ఇద్దరు వచ్చారు. ఒకాయన, "హైదరాబాదుకు హాకీ జట్టున్నదా!" అని ఆశ్చర్యపోయారు. 1975లో రేడియో చుట్టూ వీధి వీధంతా ఉన్నది. ఇప్పుడు రంగుల తెర చుట్టూ ముగ్గురమే మిగిలాం.

ఇందులో ఎవరినో నిందించి లాభం లేదు. ఒలింపిక్సులో 1980 తరువాత నలభై ఏళ్ళు పతకమే లేకుండా పోయిన ఆట ఇది. 2021లో టోక్యోలోనూ, 2024లో పారిస్‌లోనూ కాంస్యాలు వచ్చాయంటే తివాసీ మీద ఆడడం మన పిల్లలు నేర్చుకున్నారన్న మాట. తివాసీ శత్రువు కాదు. మా ఎర్రనేలల మీదికి అది ఎప్పుడు వస్తుందన్నదే ప్రశ్న. కోట్ల రూపాయల ఖర్చు అంటారు, నీళ్ళంటారు. ఇప్పుడు నీళ్ళు తక్కువ పట్టే తివాసీల కోసం అంతర్జాతీయ హాకీ సమాఖ్యే ప్రయత్నిస్తున్నది. నీటి కరువు తెలిసిన మా వంటి వాళ్ళకు ఇది మంచి వార్తే. కాని దానికోసం చూస్తూ కూర్చుంటే ఇంకో తరం గడిచిపోతుంది.

నల్గొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల మైదానం ఉంది. తెల్లవారుజామున నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు, పోలీసు ఉద్యోగాల పరీక్షకు తయారయ్యే యువకులు, సాయంత్రం క్రికెట్ పిల్లలు. ఎన్నికలప్పుడు సభలు. గ్యాలరీ సంగతి దేవుడెరుగు, గోడ మీద కూర్చుని చూచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మహబూబ్‌నగర్ స్టేడియం మైదానంలోనూ ఇదే తంతు. నిజమైన ప్రేక్షకశాలలు ఇవే. ఇవి ఇక్ష్వాకులు కట్టినవి కావు, అంతర్జాతీయమైనవీ కావు. కాని బడి వదిలాక పిల్లవాడు నడిచి చేరగలడు. చీకటి పడేలోగా ఇంటికి రాగలడు. చూచేవాడికి ఆడేవాడి ముఖం కనబడుతుంది. ఈ మూడూ ఉన్నచోట ఒక డ్రిల్లు మాస్టారూ, పదకొండు కర్రలూ ఉంటే చాలు, ఆట దానంతట అది మొలుస్తుంది. మొరం మీద మొలిచిన మొక్కను తరువాత తివాసీ మీద నాటవచ్చు. తివాసీ పరచి, మొక్క కోసం వెదకడం కష్టం.

కిందటి ఏడు నల్గొండ గోడ మీద కూర్చుని ఉన్నాను. పదేళ్ళ పిల్ల ఒకతె ప్లాస్టిక్ హాకీ కర్రతో టెన్నిస్ బంతిని తోసుకుంటూ వచ్చింది. పడమటి మూలకు వచ్చాక బంతి ఒక రాయికి తగిలి పక్కకు పోయింది. ఆ పిల్ల తిట్టుకోలేదు. ఆగి, రాయి తీసి గోడ పక్కన పడేసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి తోసుకుంటూ వచ్చింది. ఈసారి బంతి తిన్నగా పోయింది. గోడ మీద ఉన్న వాళ్ళం ఐదుగురం. ఐదుగురమూ చప్పట్లు కొట్టాం.